లెక్కకు రాని రోగులు
జొహానెస్‌బర్గ్ ఆసుపత్రుల కథ: 7వ భాగం

2016 సెప్టెంబరు 13. జొహానెస్‌బర్గ్ నడిబొడ్డున రిసిక్ వీధిలో పాత సిటీ హాలు ఉంది. నగర పాలక మండలి కోసం కట్టిన ఆ రాతి భవనంలో ఇప్పుడు గౌటెంగ్ ప్రావిన్స్ శాసనసభ సమావేశమవుతుంది. ప్రతిపక్ష డెమోక్రటిక్ అలయన్స్ సభ్యుడు జాక్ బ్లూమ్ అంతకుముందే ఒక ప్రశ్న వేసి ఉన్నారు. లైఫ్ ఎసిదిమెని కేంద్రాల నుంచి తరలించిన మానసిక రోగుల్లో ఎంతమంది చనిపోయారని. ఆ రోజు ప్రావిన్స్ ఆరోగ్యమంత్రి కెదానీ మాహ్లాంగు జవాబిచ్చారు: 36 మంది.

ఆ సంఖ్య తప్పు. అయినా ఆ తప్పు సంఖ్య బయటికి రావడం వల్లే తర్వాతి కథంతా నడిచింది. ఐదు నెలలు తిరక్కముందే అది 94 అయింది. మరుసటి అక్టోబరుకు 118. అదే నెల దాటేలోగా 141. చివరికి 144. వీరిలో చాలామంది మంత్రిగారి లెక్క బయటికొచ్చిన 2016లోనే కన్నుమూసినవారు. లెక్కపెట్టేవారు మారినప్పుడల్లా అంకె మారింది. ప్రతి కొత్త అంకె వెనకా ఆరోగ్య శాఖకు బయటి మనిషి ఎవరో ఒకరు పట్టుబట్టి అడగడం ఉంది.

ఈ ధారావాహిక రెండో భాగంలో 1904 నాటి ప్లేగు సంగతి చూశాం. భారతీయుల బస్తీలో పారిశుధ్యం ప్రమాదకరంగా ఉందని ఆ ఫిబ్రవరిలోనే గాంధీ నగర వైద్యాధికారి డాక్టర్ పోర్టర్‌కు ఉత్తరం రాశారు. మార్చిలో ప్లేగు రానే వచ్చింది. బస్తీని కాల్చేసి, జనాన్ని నగరం వెలుపల క్లిప్‌స్ప్రూట్ పొలానికి పంపారు. ఉత్తరం ముందు వచ్చింది, రోగం తర్వాత వచ్చింది. 112 ఏళ్ల తర్వాత జరిగిన ఈ తరలింపులోనూ హెచ్చరికలకు కొదవ లేదు. ఈసారి అవి కోర్టు గుమ్మం దాకా వెళ్లాయి.

ఒక ఒప్పందం తెగిన తీరు

లైఫ్ ఎసిదిమెని ఒక ప్రైవేటు సంస్థ. ప్రభుత్వం రోగులను పంపేది, రోజుకింత అని డబ్బు కట్టేది. సంస్థ వారిని చూసుకునేది. 2015 నాటికి ఈ ఏర్పాటు కొన్ని దశాబ్దాలుగా సాగుతోంది. వేవర్లీ, రాండ్‌ఫాంటైన్ వంటి చోట్ల ఉన్న ఈ కేంద్రాల్లోకి చేరేది నాలుగు రోజులు ఉండి వెళ్లే రోగులు కారు. తీవ్రమైన స్కిజోఫ్రీనియా, బుద్ధిమాంద్యం, మూర్ఛ, మతిమరుపు వ్యాధి ఉన్నవారు, సొంతంగా అన్నం తినలేనివారు, మాట రానివారు. కొందరు అక్కడే పాతికేళ్లు గడిపినవారు. ఇంట్లో చూసుకునే స్తోమత లేని కుటుంబాలకు అదొక్కటే ఆసరా.

2015 అక్టోబరులో మాహ్లాంగు ఈ ఒప్పందాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. గడువు మొదట 2016 మార్చి 31, తర్వాత జూన్ 30. చెప్పిన కారణాలు మూడు. ఒకటి, ఖర్చు తగ్గించుకోవాలి. రెండు, ఇంత సుదీర్ఘకాలం ఒకే సంస్థతో ఒప్పందం నడపడంపై ఆడిటర్ జనరల్ అభ్యంతరం చెప్పారు. మూడు, మానసిక రోగులను పెద్ద పెద్ద ఆసుపత్రుల నుంచి సమాజంలోకి తేవాలన్నది జాతీయ విధానం.

మూడో కారణం వినడానికి బాగుంటుంది, ఆలోచనగానూ మంచిదే. ఇటలీలో ఫ్రాంకో బసాలియా అనే మానసిక వైద్యుడు 1971లో ట్రియెస్టె పిచ్చాసుపత్రి బాధ్యత తీసుకుని దాన్ని మెల్లమెల్లగా ఖాళీ చేయించాడు. అది పూర్తిగా మూతపడేసరికి 1980 వచ్చింది. ఈలోగా ఊళ్లో మానసిక ఆరోగ్య కేంద్రాలు తెరిచారు, రోగులకు ఇళ్లూ పనులూ చూపారు. దక్షిణాఫ్రికా 2002లో చేసిన మానసిక ఆరోగ్య చట్టమూ, 2013లో ఆమోదించిన విధానమూ కోరింది ఇలాంటి వరసనే. ముందు బయట సదుపాయాలు, తర్వాత లోపలి నుంచి మనుషులు. ట్రియెస్టెకు తొమ్మిదేళ్లు పట్టిన పనికి గౌటెంగ్ ఇచ్చుకున్న వ్యవధి, ప్రకటన నుంచి తలుపు మూసేదాకా, తొమ్మిది నెలలు కూడా లేదు.

మానసిక వైద్యుల సంఘం వద్దని చెప్పింది. డిప్రెషన్, ఆందోళన రోగుల కోసం పనిచేసే సాడాగ్ అనే సంస్థ చెప్పింది. మానసిక ఆరోగ్య సమాఖ్య చెప్పింది. రోగుల బంధువులు ఒక కమిటీగా ఏర్పడి వేడుకున్నారు. వినేవారు లేకపోతే 2015 డిసెంబరులో కోర్టుకెక్కారు. వారి తరఫున నిలిచింది సెక్షన్ 27 అనే న్యాయ సహాయ సంస్థ. రాజ్యాంగంలో ఆరోగ్య సేవల హక్కును చెప్పే సెక్షన్ పేరే దానికి పెట్టుకున్నారు. మీతో సంప్రదించకుండా ఏమీ చేయబోమని శాఖ మాటివ్వడంతో అప్పటికి రాజీ కుదిరింది.

ఆ మాట మూడు నెలలు కూడా నిలవలేదు. 54 మంది రోగులను సోవెటోలోని తకలాని అనే చోటుకు పంపుతున్నారని మార్చిలో తెలిసింది. తకలాని బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం ఏర్పడిన ఆశ్రమం. పెద్దవయసు మానసిక రోగులను చూసే ఏర్పాటు అక్కడ లేదు. బంధువులూ సంస్థలూ మళ్లీ పరుగున కోర్టుకు వెళ్లారు. ఈ రోగులకు ఇక ఆసుపత్రి స్థాయి వైద్యం అవసరం లేదని శాఖ వాదించింది. మార్చి 15న పిటిషన్‌ను కొట్టేశారు. 23న తరలింపు జరిగింది. 26న అక్కడ ఒక మహిళ చనిపోయింది. పోస్ట్‌మార్టంలో ఆమె కడుపులో ప్లాస్టిక్ ముక్కలూ గోధుమ రంగు కాగితం ఉండలూ కనిపించాయి.

ఆ చావు ఒక్కటి చాలు, ఎవరైనా ఆగి ఆలోచించడానికి. శాఖ ఆగలేదు.

హైవెల్డ్ చలికాలం

జొహానెస్‌బర్గ్ సముద్రమట్టానికి 1,700 మీటర్లకు పైన, హైవెల్డ్ అనే పీఠభూమి మీద ఉంటుంది. మనకు ఎండలు ముగిసే జూన్‌లో అక్కడ చలి మొదలవుతుంది. రాత్రిళ్లు నీళ్లు గడ్డకట్టేంత దాకా పోతుంది. తరలింపు ఊపందుకున్నది సరిగ్గా అప్పుడే.

బస్సుల్లో తీసుకెళ్లారు. అవి చాలనప్పుడు బక్కీల్లో, అంటే వెనక తొట్టి ఉండే చిన్న సరుకుల బండ్లలో ఎక్కించారు. కొందరిని దుప్పట్లతో కట్టేసి తీసుకెళ్లారు. చాలామంది వెంట వైద్య రికార్డులు లేవు, గుర్తింపు పత్రాలు లేవు. ఏ మందు ఎంత వేయాలో దించుకున్నవారికి తెలియదు. మాట రాని రోగి తన పేరు చెప్పలేడు. కొన్ని స్వచ్ఛంద సంస్థల వాళ్లు వచ్చి తమకు కావలసిన రోగులను ఏరుకున్న తీరు పశువుల వేలాన్ని తలపించిందని తర్వాత వచ్చిన అధికారిక నివేదికే రాసింది.

ఈ సంస్థలు మొత్తం 27. కొన్ని అంతవరకూ మానసిక రోగి ముఖం చూడనివి. ప్రెషస్ ఏంజెల్స్ అనేది ప్రిటోరియా పశ్చిమాన అటెరిడ్జ్‌విల్ వైపు మామూలు ఇళ్లలో నడిచింది. మరో రెండు సంస్థలకు కలినన్ ఊళ్లోని ప్రభుత్వ పునరావాస కేంద్రం ఆవరణలోనే చోటిచ్చారు. 1905లో ప్రపంచంలోకెల్లా పెద్ద వజ్రం దొరికిన గని ఊరు అదే.

లైఫ్ ఎసిదిమెనికి ప్రభుత్వం ఒక్కో రోగికి రోజుకు కట్టింది 320 రాండ్లు. కొత్త సంస్థలకు ఇస్తామన్నది 112 రాండ్లు. అందులోనే తిండి, మందులు, బట్టలు, దుప్పట్లు, కాపలా, నర్సు జీతం. ఆ 112 కూడా చాలా సంస్థలకు నెలల తరబడి చేతికి రాలేదు. ఇరుకు గదులు, వేడి చేసే పరికరాలు లేని రాత్రులు, సరిపడని గంజి. రోగులు చిక్కిపోయారు. నీళ్ల విరేచనాలు, ఒంట్లో నీరు ఇంకిపోవడం, న్యుమోనియా, ఆగని మూర్ఛలు. ఇక డబ్బు మిగుల్చుకోవడమనే మొదటి కారణం సంగతి. ఆరోగ్యం చెడిన రోగులను చివరికి చేర్చాల్సి వచ్చింది ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లోనే. అక్కడ రోజు ఖర్చు లైఫ్ ఎసిదిమెని ధరకు ఎన్నో రెట్లు.

బంధువులది మరో నరకం. ఆదివారం చూడ్డానికి వెళ్తే పాత కేంద్రంలో మనిషి లేడు. ఎక్కడికి పంపారని అడిగితే చెప్పేవారు లేరు. ఒక సంస్థకు ఫోన్ చేస్తే ఇంకో సంస్థ పేరు చెప్పారు, అక్కడికి వెళ్తే మళ్లీ తరలించామన్నారు. అలా వెతుక్కుంటూ వెళ్లిన కొందరికి తమవాళ్లు దొరికింది శవాగారంలో.

చూడాల్సిన కళ్లు

పర్యవేక్షణ లేని దేశం అయితే ఈ కథకు ఇంత నిడివి ఉండదు. దక్షిణాఫ్రికాలో చట్టాలు గట్టివి. మానసిక రోగుల కోసం ప్రతి ప్రావిన్స్‌లో మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డు ఉండాలని 2002 చట్టం చెబుతుంది. అందులో ఒక మానసిక ఆరోగ్య నిపుణుడు, ఒక మేజిస్ట్రేటు లేదా న్యాయవాది, సమాజం తరఫున ఒకరు ఉండాలి. రోగి హక్కులు కాపాడటమే దాని పని. గౌటెంగ్‌లోనూ బోర్డు ఉంది. తరలింపు దాని ఎదుటే జరిగింది. శాఖ నీడన బతికే ఆ బోర్డుకు శాఖను నిలదీసే స్వతంత్రత లేదని తర్వాత తేలింది.

లైసెన్సుల సంగతి మరీ విడ్డూరం. రోగులను పెట్టుకునే సంస్థకు లైసెన్సు ఉండాలి. ఇవ్వాల్సిన అధికారం శాఖాధిపతిది. సంతకాలు పెట్టింది ప్రావిన్స్ మానసిక ఆరోగ్య డైరెక్టర్ డాక్టర్ మక్గాబో మనమెలా. ఆ అధికారం ఆమెకు లేదు. కొన్ని లైసెన్సుల మీద వెనకటి తేదీలు వేశారని కూడా తర్వాత బయటపడింది. తనిఖీ అన్నది చోటు చూసి కాగితం రాయడం. ఇక్కడ కాగితం రాశాక చోటు వెతికారు.

శాసనసభలో 36 అన్న అంకె వినిపించగానే దేశమంతా ఉలిక్కిపడింది. జాతీయ ఆరోగ్యమంత్రి ఆరన్ మొట్సొఅలెది విచారణ జరపమని హెల్త్ అంబుడ్స్‌మన్‌ను కోరారు. మన లోకాయుక్త లాంటి పదవే గానీ ఆరోగ్య సేవలకే పరిమితం. 2013 చట్ట సవరణతో ఏర్పడింది. మొదటి అంబుడ్స్‌మన్‌గా ప్రొఫెసర్ మలెగపురు మక్గోబా బాధ్యత తీసుకుని అప్పటికి మూడు నెలలే అయింది.

మక్గోబా రోగనిరోధక శాస్త్రవేత్త. చావుల లెక్క మీద ప్రభుత్వంతో తలపడటం ఆయనకు కొత్తేమీ కాదు. 2001లో ఆయన వైద్య పరిశోధన మండలి అధ్యక్షుడు. ఎయిడ్స్‌కు హెచ్‌ఐవీ కారణమా అని దేశాధ్యక్షుడు థాబో ఎంబెకీయే సందేహాలు లేవనెత్తుతున్న కాలమది. 2000లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య చనిపోయినవారిలో సుమారు 40 శాతం మందిని బలిగొన్నది ఎయిడ్సేనని మండలి నివేదిక అంచనా కట్టింది. దాన్ని తొక్కిపెట్టాలని ప్రభుత్వం చూసినా నివేదిక వెలుగు చూసింది. పదిహేనేళ్ల తర్వాత మళ్లీ అదే మనిషి ముందుకు మరో మరణాల పట్టిక వచ్చింది.

ఆయన శాఖ ఇచ్చిన అంకెను నమ్మి మొదలుపెట్టలేదు. సంస్థల రిజిస్టర్లు, ఆసుపత్రుల రికార్డులు, కుటుంబాల వాంగ్మూలాలు పక్కపక్కన పెట్టి ఒక్కో పేరూ సరిచూశారు. నిపుణులను వెంటబెట్టుకుని ఆ చోట్లు చూశారు. 2017 ఫిబ్రవరి 1న నివేదిక వచ్చింది. ఆ నివేదిక లెక్క ప్రకారం తరలించిన రోగులు 1,371 మంది. చనిపోయినవారు కనీసం 94 మంది, ఇంకా పెరగొచ్చు. 27 సంస్థల్లో ఒక్కదాని లైసెన్సూ చెల్లదు. 94లో 75 మరణాలు ఐదే చోట్ల సంభవించాయి: కలినన్ ఆవరణలో 25, ప్రెషస్ ఏంజెల్స్‌లో 20, తకలాని, మొసెగోల్లో కలిపి 15, షెపోంగ్‌లో 10, హెఫ్జిబాలో 5. చనిపోయినవారిలో మానసిక జబ్బే కారణమని చెప్పదగినది ఒక్క మరణం. ఆకలి, చలి, నీటి కరువు, మందు అందకపోవడం ఎన్నో మరణాలకు దారితీశాయి.

బాధ్యులుగా నివేదిక ముగ్గురిని వేలెత్తి చూపింది: మంత్రి మాహ్లాంగు, శాఖాధిపతి డాక్టర్ బార్నీ సెలెబానో, డైరెక్టర్ మనమెలా. నివేదిక వెలువడే వేళకే మాహ్లాంగు రాజీనామా ఇచ్చేశారు. మిగిలిన రోగులను 45 రోజుల్లో ఆ సంస్థల నుంచి బయటికి తేవాలన్నది మక్గోబా సిఫార్సుల్లో ముఖ్యమైనది. అలా తెచ్చినవారిలో కొందరు తిరిగి చేరింది ఎక్కడికో తెలుసా? లైఫ్ ఎసిదిమెని కేంద్రాలకే.

పార్క్‌టౌన్‌లో నలభై ఐదు రోజులు

కుటుంబాలకూ ప్రభుత్వానికీ మధ్య కోర్టు బయట పరిష్కారం వెతకాలన్నది అంబుడ్స్‌మన్ మరో సిఫార్సు. 2017 అక్టోబరు 9న జొహానెస్‌బర్గ్‌లోని పార్క్‌టౌన్‌లో మధ్యవర్తిత్వ విచారణ మొదలైంది. మధ్యవర్తి దిక్‌గాంగ్ మోసెనెకె, రాజ్యాంగ న్యాయస్థానం మాజీ ఉప ప్రధాన న్యాయమూర్తి. పదిహేనేళ్ల కుర్రవాడిగా ఉన్నప్పుడే ఆయన్ని వర్ణవివక్ష ప్రభుత్వం అరెస్టు చేసి పదేళ్లు రాబెన్ దీవి జైల్లో పెట్టింది. కుటుంబాల తరఫున వాదించినవారిలో ముందున్నది సెక్షన్ 27 వ్యవస్థాపకుల్లో ఒకరైన అదిలా హాసిం.

తప్పు మాదేనని ప్రభుత్వం మొదటే ఒప్పుకుంది. ఇక మిగిలింది రెండు ప్రశ్నలు: ఎందుకు చేశారు, దానికి పరిహారం ఎంత. 45 రోజుల్లో 60 మంది సాక్షులు మాట్లాడారు. టీవీలో ప్రత్యక్ష ప్రసారం. తల్లులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వచ్చి తమవాళ్లను ఎక్కడెక్కడ వెతికారో, ఏ స్థితిలో చూశారో చెప్పారు. సెలెబానో తనను సాక్షిగా పిలవకూడదంటూ కోర్టుకు వెళ్లి ఓడిపోయారు. మాహ్లాంగు అప్పటికి లండన్‌లో చదువుకుంటున్నారు. 2018 జనవరిలో వచ్చి సాక్ష్యమిచ్చారు. నిర్ణయం అందరిదీ అన్నారు, కింది అధికారులు తనకు సరైన సమాచారం ఇవ్వలేదన్నారు.

మార్చి 19న మోసెనెకె తీర్పు చదివారు. 144 మంది చనిపోయారు. మరో 1,418 మంది హింస అనుభవించి బతికి బయటపడ్డారు. 44 మంది ఎక్కడున్నారో శాఖకే తెలియదు. చెప్పిన మూడు కారణాల్లో ఏదీ నిలబడదు, అసలు కారణం ఏమిటో కుటుంబాలకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. ఒక్కో హక్కుదారుకు 12 లక్షల రాండ్లు ఇవ్వాలని ఆదేశించారు. అందులో 20,000 అంత్యక్రియల ఖర్చుకు, 1,80,000 మానసిక క్షోభకు. మిగిలిన 10 లక్షలు రాజ్యాంగ హక్కుల ఉల్లంఘనకు. ప్రభుత్వ న్యాయవాదులు గట్టిగా కాదన్నది ఈ చివరి పద్దునే. చనిపోయినవారి స్మారకం కట్టాలని, కుటుంబాలకు కౌన్సెలింగ్ ఇవ్వాలని కూడా తీర్పు చెప్పింది.

ఆ 44 సంఖ్య దగ్గర ఒక్క క్షణం ఆగాలి. చనిపోయినవారికి మరణ ధ్రువపత్రం ఉంటుంది, ఆసుపత్రి పుస్తకంలో ఒక వరస ఉంటుంది. ఈ 44 మందికి అదీ లేదు. ఒక ప్రభుత్వ శాఖ తన చేతులతో బండెక్కించి పంపిన మనుషులు రెండేళ్ల లోపు కాగితాల్లోంచి జారిపోయారు. రోగుల పేర్లతో, వాళ్లు చేరిన చోటుతో సరైన జాబితా ఒక్కటి ఉండి ఉంటే ఇటు వెతుకులాటా ఉండేది కాదు, అటు 36కూ 144కూ మధ్య ఇంత దూరమూ ఉండేది కాదు.

పరిహారం వచ్చింది గానీ క్రిమినల్ బాధ్యత తేలలేదు. 2021 జులైలో జడ్జి మ్మొనోఆ టెఫో ముందు మరణాలపై న్యాయ విచారణ, అక్కడి వాడుకలో ఇన్‌క్వెస్ట్, మొదలైంది. కోవిడ్ రోజులు, సాక్షులు చాలావరకు తెర మీద కనిపించారు. సాగి సాగి 2024 జులై 10న తీర్పు వచ్చింది. తొమ్మిది మంది మరణాలకు మాహ్లాంగు, మనమెలా కారకులని జడ్జి తేల్చారు. జాక్ బ్లూమ్ ప్రశ్నకు మొదటి జవాబు వచ్చి అప్పటికి ఎనిమిదేళ్లు కావస్తోంది.

సావర్ వీధి భవనం

ఈ తరలింపు జరిగిన నాళ్లలో గౌటెంగ్ ఆరోగ్య శాఖ కార్యాలయం జొహానెస్‌బర్గ్ సావర్ వీధిలోని బ్యాంక్ ఆఫ్ లిస్బన్ అనే ఎత్తయిన భవనంలో ఉండేది. మోసెనెకె తీర్పు వచ్చిన ఆరు నెలలకు, 2018 సెప్టెంబరు 5న, ఆ భవనం అంటుకుంది. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. భద్రతా ప్రమాణాలు కనీసం 85 శాతం పాటించాల్సిన ఆ భవనం 21 శాతమే పాటిస్తున్నట్టు అంతకుముందు తనిఖీలో తేలి ఉంది. అంకె తెలిశాక కూడా ఉద్యోగులు అందులోనే కూర్చుని పనిచేశారు. 2019 నవంబరు 24న పేలుడు పదార్థాలతో దాన్ని నేలకూల్చారు.

అంబుడ్స్‌మన్ కార్యాలయం మాత్రం ఆ తర్వాత ఖాళీగా కూర్చోలేదు. టెంబిసా ఆసుపత్రిలో చేరిన ఒక యువకుడికి నాలుగు రోజులపాటు తిండి పెట్టని ఉదంతంపై 2021 జనవరిలోనూ, కారోనేషన్‌విల్‌లోని రహీమా మూసా తల్లీబిడ్డల ఆసుపత్రిలో గర్భిణులు నేల మీద పడుకోవాల్సి రావడంపై 2023లోనూ నివేదికలు ఇచ్చింది. రెండోదానికి దారితీసింది అక్కడి పిల్లల వైద్యుడొకరు రాసిన బహిరంగ లేఖ, ఒక ఫోన్ వీడియో. ఇక్కడా మొదటి మాట శాఖ లోపలి తనిఖీ పుస్తకంలోంచి రాలేదు.

టెంబిసా పేరు ఇంకోసారి మోగింది, మరింత చీకటిగా. ఈసారి లెక్క రోగులది కాదు, రాండ్లది. అనుమానం రేపిన చెల్లింపులు 85 కోట్ల రాండ్ల మేరకు ఉన్నాయి. వాటిని ఆపమని పైవాళ్లను కోరిన అధికారిణి గౌటెంగ్ ఆరోగ్య శాఖ ఆర్థిక విభాగంలో పనిచేస్తున్న బబితా దేవ్‌కరణ్. కొద్ది వారాలకే, 2021 ఆగస్టు 23 ఉదయం, కూతుర్ని బడి దగ్గర దించి ఇంటికి తిరిగి వచ్చిన ఆమెను జొహానెస్‌బర్గ్ దక్షిణాన ఆమె ఇంటి ముందే కాల్చి చంపారు. ఆ చెల్లింపులు ఎవరికి వెళ్లాయి, ఏ పేరుతో వెళ్లాయి, ఎవరి సంతకంతో వెళ్లాయి అన్నది వచ్చే భాగంలో.